చదివిందంతా ఎక్కడికి పోయింది?

ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో మార్చి నెల వచ్చిందంటే తప్పకుండా వినిపించే మాట ఒకటుంది. "రాత్రి చదివినప్పుడు అంతా వచ్చేసింది. హాల్లో కూర్చున్నాక ఒక్క ముక్క గుర్తురాలేదు." బయటికొచ్చి పుస్తకం తెరవగానే ఆ జవాబు కళ్లముందు నిలబడుతుంది. "అయ్యో, ఇదా! ఇది నాకు తెలుసు కదా!" అని నెత్తి కొట్టుకుంటారు. పెద్దవాళ్లు దీనికి రెండు కారణాల్లో ఏదో ఒకటి చెబుతారు. సరిగ్గా చదవలేదంటారు, లేకపోతే వీడికి జ్ఞాపకశక్తి తక్కువంటారు. బాదం పప్పులు నానబెట్టడం, సరస్వతీ లేహ్యం కొనడం అక్కడే మొదలవుతాయి.

పిల్లవాడు అబద్ధం చెప్పడం లేదు. రాత్రి వచ్చిందన్నదీ నిజమే, పొద్దున రాలేదన్నదీ నిజమే. ఆ రెండు వేళల్లో అతని మెదడు చేసిన పని ఒకటి కాదు, అంతే. గుర్తుపట్టడం, గుర్తుతెచ్చుకోవడం, గుర్తుంచుకోవడం, తెలిసి ఉండటం. ఈ మాటల్ని మనం ఒకదానికి బదులు ఒకటి వాడేస్తుంటాం. రోజువారీ మాటల్లో దానివల్ల నష్టమేమీ లేదు. మెదడు మాత్రం ఈ పనుల్ని విడివిడిగానే చేస్తుంది. వాటిలో కొన్ని దెబ్బతిని, మిగిలినవి నిలిచి ఉన్న మనుషులను వైద్యులు చూశారు. ఈ తేడా తెలియకపోవడం వల్ల మన పిల్లలు చాలా కష్టపడి చదివి కూడా నష్టపోతున్నారు. అందుకే దీన్ని కాస్త నిదానంగా చూద్దాం.

బావిలో పడ్డ చేద

1973లో లయొనెల్ స్టాండింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించాడు. కొందరికి 10,000 బొమ్మలు చూపించాడు. ఒక్కో బొమ్మ తెర మీద ఉండేది 5 సెకన్లే. రోజుకు కొన్ని వేల చొప్పున చూపించడం పూర్తయ్యాక పరీక్ష పెట్టాడు. రెండేసి బొమ్మలు పక్కపక్కన ఉంచి, వీటిలో మీరు ఇంతకుముందు చూసింది ఏదని అడిగాడు. నూటికి 83 సార్లు సరైన బొమ్మనే చూపించారు. పదివేల బొమ్మలు, ఒక్కోదానికి ఐదంటే ఐదు సెకన్లు! మామూలు మనిషి జ్ఞాపకశక్తి ఇంత గొప్పదా అనిపిస్తుంది.

అదే మనుషులకు తెల్లకాగితం ఇచ్చి, మీరు చూసిన బొమ్మలేమిటో రాయండి అని అడిగితే? పదివేలలో ఎన్ని రాయగలరో మనకే తెలుసు. కొన్ని పదులు దాటితే గొప్ప.

ఇళ్లలో బావులున్న రోజుల్లో చేద జారి నీళ్లలో పడిపోతే పాతాళ గరిగె తెచ్చేవారు. అది తాడు చివర కట్టే ఇనుప కొక్కేల గుత్తి. దాన్ని లోపలికి దించి, కనబడని అడుగున అటూ ఇటూ కలియతిప్పితే ఏదో ఒక కొక్కెం చేద పిడికి తగులుకునేది. అప్పుడు మెల్లగా పైకి లాగేవారు. గుర్తుతెచ్చుకోవడం ఆ పనిలాంటిది. వస్తువు లోపల ఉంది, కంటికి కనబడదు, మనమే వెతికి పైకి తీయాలి. గుర్తుపట్టడం అలా కాదు. ఎవరో అన్ని చేదలనూ పైకి తీసి గట్టు మీద వరసగా పెట్టి, ఇందులో మీదేది అని అడిగితే వేలు పెట్టి చూపించడం అది. అక్కడ వెతకడమన్నది లేదు, పోల్చుకోవడమే ఉంది.

పిల్లవాడు రాత్రి చేసింది గట్టు మీద పని. పుస్తకం తెరిచే ఉంది, వాక్యం కళ్లముందే ఉంది, రెండోసారి చదువుతుంటే పరిచయంగా తోచింది. ఆ పరిచయాన్నే 'వచ్చేసింది' అనుకున్నాడు. పరీక్ష హాల్లో కావలసింది లోపల్నుంచి పైకి తీయడం. ఆ పని అతను ఒక్కసారి కూడా చేసి చూసుకోలేదు.

ఈ తేడా మన పాత శాస్త్రకారులకు బాగా తెలుసు. తర్కశాస్త్రం నేర్చుకునే పిల్లల కోసం 17వ శతాబ్దంలో అన్నంభట్టు 'తర్కసంగ్రహం' రాశాడు. ఆయన తెలుగుదేశం వాడేనని పండితుల మాట. అందులో స్మృతి అంటే ఏమిటో చెబుతూ, పూర్వానుభవం లోపల వదిలిన ముద్ర నుంచి మాత్రమే పుట్టే జ్ఞానం అన్నాడు. ఆ ముద్రకు ఆయన వాడిన మాట సంస్కారం. ఇక్కడ 'మాత్రమే' అనడం ఊరికే కాదు. నిన్న చూసిన మనిషి ఇవాళ ఎదురైతే, ఆయనే ఈయన అని పోల్చుకుంటాం. ఆ పోలికకు లోపలి ముద్ర ఒక్కటే చాలదు, ఎదుట మనిషి కూడా కనబడాలి. దానికి ప్రత్యభిజ్ఞ అని వేరే పేరు ఉంది. స్మృతి నిర్వచనంలోకి ప్రత్యభిజ్ఞ చొరబడకుండా ఆపడానికే 'మాత్రమే' అన్న మాట వేశారని వ్యాఖ్యానంలోనే ఉంది. ప్రయోగశాలలు లేని కాలంలో, కేవలం ఆలోచనతో గీసిన ఈ గీత ఇవాళ్టి పరిశోధనకు సరిగ్గా సరిపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

కొక్కెం దేనికో ఒకదానికి తగలాలి

పెళ్లిలో ఎదురైన మనిషిని చూడగానే గుర్తుపడతాం. ఊరు చెప్పగలం, చేసే ఉద్యోగం చెప్పగలం, వాళ్లమ్మాయి ఎక్కడ చదువుతోందో కూడా చెప్పగలం. పేరు మాత్రం నాలుక చివరే ఉంటుంది, బయటికి రాదు. వయసు మీద పడుతున్నవాళ్లు దీనికి చాలా కంగారుపడతారు. అంత కంగారు అక్కర్లేదు. మొహం ఎదురుగా ఉంది కాబట్టి గుర్తుపట్టడం కుదిరింది. పేరు ఎదురుగా లేదు, వెతికి తీయాలి. పైగా పేరుకు మనిషితో లోపలి సంబంధం ఏమీ ఉండదు. ఆయన సుబ్బారావే ఎందుకయ్యాడు, వెంకట్రావు ఎందుకు కాలేదు అంటే జవాబు లేదు. ఇంగ్లండులో 1987లో వచ్చిన ఒక పరిశోధన ఈ సంగతి చక్కగా తేల్చింది. బేకర్ అన్నది అక్కడ ఇంటిపేరూ అవుతుంది, రొట్టెలు కాల్చే వృత్తీ అవుతుంది. ఒక ఫొటో చూపించి ఇతని పేరు బేకర్ అని చెబితే జనం మరిచిపోయారు. ఇతను బేకర్ పని చేస్తాడంటే గుర్తుంచుకున్నారు. మాట అదే, ఉచ్చారణ అదే. వృత్తి అనగానే పొయ్యి, పిండి, రొట్టె వాసన అన్నీ తోడొస్తాయి. కొక్కెం తగలడానికి అన్ని పిడులున్నట్టు. పేరుకు ఒక్క పిడీ లేదు.

నాలుక చివర ఆగిపోయిన మాట మీద కూడా పరిశోధన జరిగింది. 1966లో హార్వర్డులో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అరుదైన మాటల అర్థాలు చదివి వినిపించి, ఆ మాట ఏదో చెప్పమన్నారు. మాట దొరక్క తన్నుకులాడుతున్నవాళ్లను అడిగితే, దాని మొదటి అక్షరం ఏదో, మాట ఎంత పొడుగో చాలాసార్లు సరిగ్గానే చెప్పారు. అంటే మరిచిపోవడం అన్ని వేళలా లేకుండా పోవడం కాదు. అదే ఏడాది టొరంటోలో ఎండెల్ టుల్వింగ్, జెనా పియర్ల్‌స్టన్ ఇంకో దారిలో అక్కడికే చేరారు. మాటల జాబితా ఇచ్చి, తర్వాత రాయమన్నారు. కొందరికి ఏ ఆసరా ఇవ్వలేదు, కొందరికి ఆ మాటలు ఏ జాతివో చెప్పారు. ఆసరా అందినవాళ్లు చాలా ఎక్కువ రాశారు. ఆసరా లేనివాళ్ల తలలోనూ ఆ మాటలు ఉన్నాయి, అందలేదంతే.

ఈ ఆసరాను 'ఆనవాలు' అందాం. ఆనవాలు ఏదైనా కావచ్చు. చోటు కూడా కావచ్చు. 1975లో డంకన్ గాడెన్, అలన్ బాడ్లీ స్కాట్లండు తీరంలో డైవర్లకు కొన్ని మాటలు నీళ్ల అడుగున నేర్పించారు, కొన్ని ఒడ్డున నేర్పించారు. నీళ్లలో నేర్చినవి నీళ్లలోనే, ఒడ్డున నేర్చినవి ఒడ్డునే బాగా గుర్తొచ్చాయి. ఏదో తేవాలని వంటింట్లోంచి గదిలోకి వచ్చి, ఎందుకొచ్చామో తోచక నిలబడిపోవడం అందరికీ అనుభవమే. తిరిగి వంటింట్లోకి వెళ్లగానే గుర్తొస్తుంది. మన ఇళ్లలో ఆడవాళ్లు కొంగుకు వేసుకునే ముడి కూడా ఆనవాలే. అయితే ఆ ముడి ఏదో చేయాల్సి ఉందని చెబుతుంది గానీ ఏం చేయాలో చెప్పదు. చేయాల్సిన పనిని వేళకు గుర్తుచేసుకోవడం అనేది మళ్లీ వేరే విద్య, దాన్ని ఇక్కడ కదిలించను.

ఆనవాళ్ల బలం ఎంతటిదో చూడాలంటే తెలుగువాళ్లు దూరం వెళ్లక్కర్లేదు. అష్టావధానం చూస్తే చాలు. ఎనిమిది మంది పృచ్ఛకులు అవధాని చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు వర్ణన అడుగుతారు. నిషిద్ధాక్షరి చేసేవారు అవధాని వేయబోయే అక్షరాన్ని ముందే ఊహించి అది వద్దంటారు. మధ్యలో ఒకరు ఉండుండి గంట కొడుతుంటే ఆ లెక్క పెట్టుకోవాలి. ఇంకొకరు అప్రస్తుత ప్రసంగం చేస్తూ ఆలోచన చెదరగొడతారు. ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పద్యానికి ఒక్కో పాదమే చెబుతూ, నాలుగు ఆవృత్తుల్లో పద్యాలన్నీ పూర్తి చేస్తారు. చివర ధారణ. చేతిలో కాగితం లేదు. ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నీ మొదటి నుంచి చివరిదాకా వరసగా అప్పజెప్పాలి. శతావధానంలో అయితే వందమంది పృచ్ఛకులు.

ఇది గుర్తుపట్టడం కాదు, పూర్తిగా లోపల్నుంచి పైకి తీయడమే. సరస్వతీ కటాక్షం అని నమస్కారం పెట్టి ఊరుకోవచ్చు. నేనూ పెడతాను. కానీ ధారణ లోపల ఏం జరుగుతోందో చూస్తే ఆ నమస్కారం ఇంకా నిండుగా పెట్టాలనిపిస్తుంది. అవధాని ఉత్పలమాల అందుకున్నాడనుకోండి. ప్రతి పాదంలో 20 అక్షరాలు, వాటి గురులఘువుల వరస ముందే ఖాయం. పదో అక్షరం మొదటి అక్షరంతో యతి కుదరాలి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరపు హల్లు ఒక్కటే, అది ప్రాస. మొదటి పాదం దొరికిందా, రెండో పాదం రెండో అక్షరపు హల్లు అప్పుడే దొరికినట్టు. పాదం మొదలు దొరికిందా, నడిమి అక్షరం ఏ కుటుంబానిదో తెలిసినట్టు. నడకలో ఇమడని మాట దానంతట అదే తప్పుకుంటుంది. చూసేవాళ్లకు ఛందస్సు అదనపు బరువులా కనిపిస్తుంది. అవధానికి అదే అడుగడుగునా ఆనవాలు. నోటి సంప్రదాయాల మీద 1995లో పుస్తకం రాసిన డేవిడ్ రూబిన్ కూడా, లయ, ప్రాస, అర్థం కలిసి మాటను జారిపోనివ్వకుండా బిగిస్తాయని చూపించాడు. పైగా ఆ పద్యాలు అవధాని స్వయంగా కట్టినవి. ఒకరు ఇచ్చిన మాటకంటే మనం పుట్టించుకున్న మాట బాగా నిలుస్తుందని 1978లో స్లమెకా, గ్రాఫ్ ప్రయోగంతో చూపారు. వచనంలో ఉన్న పేజీని వేరొకరు రాసి ఇచ్చి అప్పజెప్పమంటే, ఎంత గొప్ప అవధానికైనా పని కష్టమవుతుంది.

హెన్రీకి తెలిసినవి, గుర్తులేనివి

హెన్రీ మోలైసన్ 1926లో అమెరికాలోని కనెటికట్‌లో పుట్టాడు. చిన్నప్పటి నుంచి మూర్ఛలు. మందులకు లొంగలేదు, పనీపాటా సాగలేదు. 1953లో విలియం స్కోవిల్ అనే శస్త్రవైద్యుడు అతని మెదడులో రెండు వైపులా కణతల లోపలి భాగాన్ని, అందులో ఉండే హిప్పోకాంపస్‌లో చాలా భాగంతో సహా, తొలగించాడు. మూర్ఛలు బాగా తగ్గాయి. కానీ ఆ రోజు నుంచి, అంటే 27వ ఏటి నుంచి, జరిగిన సంఘటన ఏదీ అతనిలో నిలవలేదు. భోజనం చేసిన కాసేపటికే భోజనం చేసినట్టు తెలియదు. దశాబ్దాలపాటు తనను పరీక్షించిన శాస్త్రవేత్తలతో ప్రతిసారీ కొత్తవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడేవాడు.

మాంట్రియల్ నుంచి వచ్చిన మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఒకసారి అతనికి 584 అనే సంఖ్య చెప్పి, గుర్తుంచుకోమని గదిలో ఒంటరిగా వదిలింది. పావుగంట తర్వాత వచ్చి అడిగితే ఠక్కున చెప్పాడు. ఎలా అంటే వివరించాడు: 5, 8, 4 కలిపితే 17, ఎనిమిది గుర్తుంచుకుని తీసేస్తే 9, దాన్ని విడగొడితే 5, 4. అంతసేపూ ఆ లెక్కనే లోపల తిప్పుతూ కూర్చున్నాడు. కాసేపు వేరే మాటల్లో పెట్టి మళ్లీ అడిగితే, సంఖ్య సరే, సంఖ్య ఒకటి చెప్పారన్న సంగతే తెలియదు. మనసులో పట్టుకుని ఉండటం, గుర్తుంచుకోవడం రెండూ ఒకటేనని మనం అనుకుంటాం. ఓటీపీ చూసి టైపు చేసేదాకా పెదవుల మీద ఆడించడం మొదటిది. హెన్రీకి అది పూర్తిగా ఉంది, రెండోది లేదు.

మిల్నర్ మరో పరీక్ష పెట్టింది. చేతిని నేరుగా చూడకుండా, అద్దంలో మాత్రమే చూస్తూ, నక్షత్రం బొమ్మ అంచు వెంట పెన్సిల్ నడపాలి. ఎవరికైనా మొదట్లో చెయ్యి అడ్డదిడ్డంగా పోతుంది. మూడు రోజుల అభ్యాసంతో హెన్రీ చెయ్యి చక్కగా కుదురుకుంది. ఇదివరకు ఆ పని చేశానన్న జ్ఞాపకం మాత్రం లేదు. చేతికి వచ్చింది, మనిషికి గుర్తులేదు. సైకిలు తొక్కడం గుర్తుంది అంటాం గానీ, అది జ్ఞాపకం కంటే అలవాటుకు దగ్గరి బంధువు. హెన్రీ 2008లో చనిపోయాడు. తర్వాతి ఏడాది శాన్‌డియేగోలో అతని మెదడును పరిశోధన కోసం 2,401 పలుచని పొరలుగా కోసి భద్రపరిచారు. జ్ఞాపకం గురించి మనకు తెలిసిన దాంట్లో పెద్ద భాగం, తనకు కొత్తగా ఏదీ గుర్తుండని ఈ మనిషి ఓపికగా కూర్చుని ఇచ్చిందే. ఆయనకు మనం రుణపడి ఉన్నాం.

తెలిసి ఉండటానికీ గుర్తుండటానికీ తేడా చూపిన మనిషి ఇంకొకరున్నారు. శాస్త్రగ్రంథాల్లో ఆయన పేరు కె.సి. కెనడావాడు, 1981లో మోటారుసైకిల్ ప్రమాదంలో మెదడుకు దెబ్బ తగిలింది. టుల్వింగ్ ఆయనను ఏళ్ల తరబడి పరిశీలించాడు. కె.సి.కి చదరంగం ఆడటం వచ్చు. లోకజ్ఞానం ఉంది. తన తమ్ముడు చనిపోయాడని తెలుసు. కానీ ఆ వార్త విన్న రోజు గుర్తులేదు. తన జీవితంలో జరిగిన ఒక్క సంఘటననైనా, మళ్లీ అక్కడ ఉన్నట్టుగా తలుచుకోలేడు. 1972లోనే టుల్వింగ్ ఈ రెంటినీ విడదీశాడు. దేశానికి 1947లో స్వాతంత్ర్యం వచ్చిందనేది మనకు తెలుసు. ఆ సంగతి ఏ తరగతిలో, ఎవరు చెబితే విన్నామో చాలామందికి గుర్తులేదు. అది విషయజ్ఞానం. మొదటిసారి బడికి వెళ్లిన రోజు ఏడ్చింది గుర్తుంటే అది అనుభవ స్మృతి. అందులో 'నేను' ఉంటాను, ఒక చోటు ఉంటుంది, ఒక వేళ ఉంటుంది. చదువులో మనకు చివరికి కావలసింది మొదటిదే. అనుభవం రాలిపోయి విషయం మిగలాలి.

గుర్తు ఉన్నదంతా జరిగింది కాదు

పైకి తీసిన జ్ఞాపకం లోపల దాచిన రూపంలోనే వస్తుందా అంటే, రాదు. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి తన దగ్గరి ఇంగ్లిషు వాళ్లచేత చదివించి, కొంత వ్యవధి ఇచ్చి తిరిగి రాయించాడు. వాళ్లు దాన్ని తమకు తెలిసిన లోకంలోకి మార్చేశారు. దోనెలు పడవలయ్యాయి, సీలు జంతువుల వేట చేపల వేటయింది. ఎవరూ కావాలని మార్చలేదు. 1932లో అచ్చయిన ఆయన పుస్తకం, గుర్తుతెచ్చుకోవడమంటే దొరికిన ముక్కలతో ప్రతిసారీ తిరిగి కట్టుకోవడమేనని తేల్చింది.

అమెరికాలో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ 1974లో చేసిన ప్రయోగం మరీ కలవరపెట్టేది. కార్ల ప్రమాదం ఫిల్ము చూపించి, 50 మందిని కార్లు తగిలినప్పుడు ఎంత వేగంలో ఉన్నాయని అడిగారు. ఇంకో 50 మంది దగ్గర 'తగిలినప్పుడు' బదులు 'నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు' అన్నారు. వారం తర్వాత, పగిలిన గాజు చూశారా అని అందరినీ అడిగారు. మొదటి గుంపులో 7 మంది, రెండో గుంపులో 16 మంది చూశామన్నారు. ఫిల్ములో గాజు ముక్క ఒక్కటి కూడా లేదు. సాక్షి అబద్ధం చెప్పకుండానే జరగనిది చెప్పగలడు. పోలీసు స్టేషన్లో సాక్షిని అడిగే ప్రతి ప్రశ్నా ఎంత జాగ్రత్తగా ఉండాలో దీన్నిబట్టి తెలుస్తుంది. నిందితుణ్ణి వరసలో నిలబెట్టి గుర్తుపట్టమన్నప్పుడు కూడా అంతే. మొహం పరిచయంగా తోచడం ఒకటి, ఈ మొహాన్ని ఆ రాత్రి ఆ సందులో చూశానని తలుచుకోగలగడం ఇంకొకటి. మొదటిదాన్ని రెండోదిగా లెక్కగడితే నిర్దోషి జైలుకు పోతాడు.

పుస్తకం మూసినప్పుడు

ఇక మళ్లీ మన పరీక్షల పిల్లవాడి దగ్గరికి వద్దాం. మరపు మీద మొదటి కొలతలు తీసిన జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ ఆ ప్రయోగాలు తన మీదే చేసుకున్నాడు. అర్థంలేని అక్షరాల ముక్కలు కంఠస్థం చేసి, మరిచిపోయాక మళ్లీ నేర్చుకునేవాడు. రెండోసారికి ఎంత శ్రమ కలిసొచ్చిందో చూసేవాడు. 1885లో ఆ లెక్కలు అచ్చువేశాడు. గంట గడిచేసరికి సగానికి పైగా పోయింది. నెల తర్వాత కూడా దాదాపు ఐదో వంతు శ్రమ ఆదా అయింది. పైకి రానిది, పూర్తిగా పోయిందనుకున్నది కూడా ఏదో రూపంలో అడుగున మిగిలే ఉంటుంది. నిరుడు చదివి మరిచిన పాఠం ఈసారి త్వరగా ఎక్కడం అందుకే.

2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి కాలేజీ విద్యార్థులను రెండు రకాలుగా చదివించారు. ఒక రకంలో పాఠం రెండుసార్లు చదవాలి. రెండో రకంలో ఒకసారి చదివి, పాఠం చూడకుండా గుర్తున్నది రాయాలి. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే, రెండుసార్లు చదివినవాళ్లకు నూటికి 81 వంతులు వచ్చింది, రాసినవాళ్లకు 75. వారం తర్వాత పెడితే తారుమారైంది. చదివినవాళ్లు 42, రాసినవాళ్లు 56. మరో ప్రయోగంలో మళ్లీ మళ్లీ చదివినవాళ్లనే, వారం తర్వాత మీకెంత గుర్తుంటుందని ముందుగా అడిగితే, మిగతావాళ్లకంటే ఎక్కువ ధీమాగా చెప్పారు. తీరా వచ్చింది వాళ్లకే తక్కువ. పదే పదే చదివినకొద్దీ పరిచయం పెరుగుతుంది. ఆ పరిచయం 'వచ్చేసింది' అనిపిస్తుంది.

కాబట్టి ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఈ ఒక్క మార్పు చేయించండి. ఒకసారి శ్రద్ధగా చదివాక పుస్తకం మూయించి, తెల్లకాగితం మీద గుర్తున్నది రాయమనండి. రాయడం ఇష్టం లేకపోతే మీకు చెప్పమనండి. వంట చేస్తూ వినొచ్చు, మీకు ఆ సబ్జెక్టు రానక్కర్లేదు. మొదట్లో సగం కూడా రాదు, పిల్లలు విసుక్కుంటారు. జ్ఞాపకశక్తి లేదని మాత్రం అనకండి. తడబడి వెతుక్కుంటున్న ఆ కాసేపే అసలు చదువు. ఆ తర్వాత పుస్తకం తెరిచి, రానివి ఏవో చూసుకోవాలి. రెండు రోజులాగి మళ్లీ మూసి రాయాలి. పరీక్ష హాల్లో అడిగేది ఇదే పని. దాన్ని ఇంట్లోనే అలవాటు చేయించండి.